ముందొచ్చిన చెవులు, వెనకొచ్చిన కొమ్ములు

1998లో హాలీవుడ్‌లోని ఒకే కంపెనీ గుమ్మంలో ఇద్దరు ఇంగ్లీషు కుర్రాళ్లు నిలబడి ఉన్నారు. ఇద్దరికీ కళ్లజోళ్లు, ఇద్దరిదీ దువ్వెనకు లొంగని నల్లజుట్టు, ఇద్దరికీ తోడుగా ఓ గుడ్లగూబ. తమలో మంత్రశక్తి ఉందన్న సంగతి ఇద్దరికీ బయటివాళ్లు వచ్చి చెబితేనే తెలిసింది. ఒకడు హ్యారీ పోటర్. వాడి మొదటి పుస్తకం వచ్చి ఏడాది దాటేసరికి సినిమా హక్కులను వార్నర్ బ్రదర్స్ కొనేసింది. రెండోవాడు టిమొతీ హంటర్. వాడు పుట్టిన డీసీ కామిక్స్ 1960ల చివరి నుంచీ వార్నర్ కుటుంబంలోదే. అంటే ఒకడు ఇంటివాడు, ఇంకొకడు అప్పుడే గడప తొక్కినవాడు.

వయసు లెక్క చూస్తే ఇంటివాడే పెద్ద. నీల్ గేమన్ రాసిన 'ద బుక్స్ ఆఫ్ మ్యాజిక్' బొమ్మల కథ 1990-91లో నాలుగు సంచికలుగా వచ్చింది. హ్యారీ పోటర్ మొదటి పుస్తకం లండన్‌లో వెలువడింది 1997 జూన్ 26న. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మనవాళ్లు ఊరికే అనలేదు. హ్యారీ ఎనిమిది సినిమాలై, 770 కోట్ల డాలర్ల దాకా వసూలు చేసి, పిల్లల పుట్టినరోజు కేకుల మీదికి కూడా ఎక్కాడు. టిమ్ మీద ఇప్పటికీ ఒక్క సినిమా రాలేదు. ఎవరైనా తీయబోతే ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఇది హ్యారీ పోటర్‌కు నకలు కాదా?

ఈ అన్యాయం గురించి కామిక్స్ అభిమానులు పాతికేళ్లుగా వాపోతూనే ఉన్నారు. వాళ్ల బాధలో నిజముంది. అయితే టిమ్ తెరకెక్కకపోవడానికి హ్యారీ ఒక్కడే కారణమనుకుంటే మాత్రం అది సగం కథే. మిగతా సగం ఆ బొమ్మల కథ పుట్టుకలోనే ఉంది.

1980ల చివరికి డీసీ దగ్గర మంత్రగాళ్లు, ఆత్మలు, దేవతలు, పిశాచాలు కుప్పలు తెప్పలుగా పోగుపడ్డారు. అయిదు దశాబ్దాల్లో వేర్వేరు రచయితలు, వేర్వేరు మూడ్‌లలో సృష్టించిన పాత్రలు అవి. వాళ్లందరినీ ఒక చోట చేర్చి, కొత్త పాఠకుడికి పరిచయం చేసే పుస్తకం ఒకటి కావాలనుకుంది కంపెనీ. ఆ పని మొదట జె. ఎం. డిమాటిస్‌కు వెళ్లింది. ఆయన తప్పుకోవడంతో గేమన్ చేతికి వచ్చింది. అప్పటికే ఆయన 'శాండ్‌మ్యాన్' రాస్తూ పేరు తెచ్చుకుంటున్నాడు. పాత్రల జాబితాను కథగా మార్చడానికి ఆయన ఎంచుకున్న ఉపాయం పాతదే, కానీ పనికొచ్చేది: ఏమీ తెలియని ఒక పన్నెండేళ్ల పిల్లవాణ్ణి తీసుకొచ్చి, వాడి చేయి పట్టుకుని ఈ మాయాలోకమంతా తిప్పి చూపించడం.

ఆ పిల్లవాడే టిమ్. లండన్ వీధుల్లో స్కేట్‌బోర్డు మీద తిరిగే కుర్రాడు. తల్లి కారు ప్రమాదంలో పోయింది. తండ్రికి ఒక చెయ్యి లేదు, టీవీ ముందు నుంచి లేవడు. ఒకరోజు పొడవాటి కోట్లు తొడుక్కున్న నలుగురు వాణ్ణి అడ్డగిస్తారు: ఫాంటమ్ స్ట్రేంజర్, జాన్ కాన్‌స్టంటీన్, డాక్టర్ ఆకల్ట్, కళ్లు లేని మిస్టర్ ఈ. ఈ కాలంలోకెల్లా గొప్ప మాంత్రికుడయ్యే యోగం నీకుంది, మంత్రవిద్య కావాలో వద్దో ముందు చూసి నిర్ణయించుకో అంటారు. వాడి చేతిలోని యోయో బొమ్మ గుడ్లగూబగా మారుతుంది. దాని పేరు కూడా యోయోనే.

నలుగురు మార్గదర్శకులు, నాలుగు ప్రయాణాలు, నలుగురు చిత్రకారులు. మొదటి పుస్తకంలో జాన్ బోల్టన్ కుంచె సృష్టి మొదలు నుంచి అట్లాంటిస్ మీదుగా, ఇంకా కుర్రాడిగానే ఉన్న మెర్లిన్ దాకా తీసుకెళ్తుంది. రెండోదానికి స్కాట్ హ్యాంప్టన్ బొమ్మలు వేశాడు. అందులో కాన్‌స్టంటీన్ సిగరెట్ తాగుతూ టిమ్‌ను అమెరికా అంతా తిప్పి, డీసీ మంత్రగాళ్ల ఇళ్ల తలుపులు తట్టిస్తాడు. మూడోది చార్ల్స్ వెస్ చేతిది, యక్షలోకం లాంటి ఫేరీ రాజ్యంలో నడుస్తుంది. ఆ బాటలో నడిచేవాడు అడుగు పక్కకు వేయకూడదు. నాలుగోదానికి బొమ్మలు పాల్ జాన్సన్‌వి. అందులో మిస్టర్ ఈ కుర్రాణ్ణి కాలం చివరి అంచుకు లాక్కెళ్లి చంపబోతాడు. గుడ్లగూబ అడ్డుపడి ప్రాణం వదులుతుంది. విశ్వం ముగిసే చోట మృత్యుదేవత నిలబడి, అన్నీ సర్దేసి లైట్లు ఆర్పే ఇంటామెలా, వాణ్ణి వెనక్కి పంపిస్తుంది.

బొమ్మల పరంగా ఇది చూసి తీరాల్సిన పుస్తకం. మూడో భాగంలో వెస్ గీసిన చెట్లూ సంతలూ ఇప్పటికీ కొత్తగానే కనిపిస్తాయి. కథ పరంగా మాత్రం ఒక లోపం దాచలేనిది: టిమ్ దాదాపు చివరిదాకా ప్రేక్షకుడే. చూస్తాడు, అడుగుతాడు, భయపడతాడు. వాడు చేసేది చాలా తక్కువ. బొమ్మల పుస్తకంలో ఇది చెల్లుతుంది, ఎందుకంటే చూడటమే అక్కడ పాఠకుడి పని కూడా. రెండు గంటల సినిమాలో హీరో టూరిస్టుగా ఉంటే టికెట్ కొన్నవాడు ఊరుకోడు.

దీనితో పోలిస్తే జె. కె. రౌలింగ్ కట్టిన కథకు వెన్నెముక గట్టిది. బడి ఉంది, స్నేహితులున్నారు, పరీక్షలున్నాయి, తల్లిదండ్రులను చంపిన శత్రువున్నాడు, ఏడాదికో పుస్తకం చొప్పున సాగే చదువుంది. పైపై పోలికలు ఎంత ఉన్నా, లోపల రెండూ వేర్వేరు యంత్రాలు. టిమ్ ఎదుట ఉన్న ప్రశ్న మంత్రవిద్య కావాలా, వద్దా అన్నది. హ్యారీకి ఆ ఎంపికే లేదు, ఉత్తరం రావడమే ఆలస్యం, బయల్దేరి వెళ్లిపోతాడు.

కాలం దగ్గర ఒక తమాషా ఉంది. మాంచెస్టర్ నుంచి లండన్ వచ్చే రైలు ఆలస్యమైనప్పుడు తనకు హ్యారీ ఆలోచన తట్టిందని రౌలింగ్ చాలాసార్లు చెప్పింది. అది 1990లో. గేమన్ కామిక్ అంగళ్లకెక్కింది ఆ ఏడాది చివర్లో, ఆ తరువాతి నెలల్లో. ఇద్దరూ ఇంగ్లండ్‌వాళ్లే, అయిదేళ్ల తేడాలో పుట్టినవాళ్లే, చిన్నప్పుడు ఒకే అరలోని పుస్తకాలు చదివినవాళ్లే. ఆ అరలో టి. హెచ్. వైట్ 1938లో రాసిన 'ద సోర్డ్ ఇన్ ద స్టోన్' ఉంది. అందులో వార్ట్ అనే అనాథ కుర్రాడికి మెర్లిన్ గురువు. మెర్లిన్ దగ్గర ఆర్కిమిడీస్ అనే మాట్లాడే గుడ్లగూబ ఉంటుంది. ఆ కుర్రాడు చివరికి ఆర్థర్ మహారాజని తేలుతుంది. వార్ట్‌ను హ్యారీకి పూర్వీకుడిగా రౌలింగే ఒప్పుకుంది.

హ్యారీ గాలి వీచాక విలేఖరులు గేమన్‌ను అడగడం మొదలుపెట్టారు, మీ కథ కొట్టేశారా అని. ఆయన ఎప్పుడూ ఒకే జవాబు చెబుతూ వచ్చాడు: లేదు, ఆవిడ నా పుస్తకం చదివిందని కూడా అనుకోను, చదివినా ఫరవాలేదు, ఇద్దరం వైట్ దగ్గరే దొంగిలించాం అని. తాను ఆరోపణ చేసినట్టు పత్రికలో వచ్చినప్పుడు కూడా ఖండించాడు. కాశీమజిలీ కథల్లోని సరుకు 'పాతాళభైరవి'గా తెర మీదికి రావడం చూసిన తెలుగువాళ్లకు ఈ వైఖరి వింతగా అనిపించదు. మాంత్రికుడు, సాహసి అయిన కుర్రాడు, చేతికి దొరికిన మాయ వస్తువు ఏ ఒక్కరి సొత్తూ కావు.

అందరూ అంత పెద్ద మనసుతో లేరు. 'మగుల్స్' అనే మాటా, లారీ పోటర్ అనే పాత్రా తనవేనంటూ నాన్సీ స్టౌఫర్ అనే అమెరికన్ రచయిత్రి గొడవకు దిగింది. 2002లో న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు రౌలింగ్ పక్షాన తీర్పిచ్చింది. తప్పుడు ఆధారాలు పెట్టినందుకు స్టౌఫర్‌కు 50 వేల డాలర్ల జరిమానా కూడా వేసింది. చట్టం సంగతికొస్తే, ఆలోచనకు కాపీరైట్ లేదు, దాన్ని చెప్పిన తీరుకే ఉంది. మన సుప్రీంకోర్టు కూడా 1978లో ఆర్. జి. ఆనంద్ కేసులో ఇదే తేల్చింది. 'హమ్ హిందుస్తానీ' నాటకాన్ని 'న్యూఢిల్లీ' సినిమాగా కాపీ కొట్టారన్న ఫిర్యాదు అది. ఇతివృత్తం కలిసినంత మాత్రాన దొంగతనం కాదని కోర్టు అంది.

ఆ తర్వాత మూడు దశాబ్దాలకు వార్నర్ బ్రదర్సే ఢిల్లీ హైకోర్టుకు వచ్చి, 'హరి పుత్తర్' అనే హిందీ సినిమా పేరు మీద అభ్యంతరం పెట్టింది. 2008లో కోర్టు ఆపడానికి ఒప్పుకోలేదు. తీరా చూస్తే ఆ సినిమాకు మంత్రాలతో సంబంధమే లేదు. ఇంట్లో ఒంటరిగా మిగిలిన పిల్లవాడు దొంగలను ముప్పుతిప్పలు పెట్టే కథ, అంటే 'హోమ్ అలోన్' బాపతు. ఆ 'హోమ్ అలోన్' తీసిన క్రిస్ కొలంబసే మొదటి రెండు హ్యారీ పోటర్ సినిమాలకు దర్శకుడు. కాపీల లోకంలో చుట్టరికాలు ఇలాగే ఉంటాయి.

టిమ్ సినిమా విషయానికి వద్దాం. 1990లలోనే వార్నర్ దాని హక్కులు చేతికి తీసుకుంది. 1998లో గేమన్ ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్‌గా చేరాడు. ఆ తర్వాత కొన్నేళ్లపాటు స్క్రిప్టు రాయడం, తిరగరాయడం. చివరికి అది ఎంత దూరం జరిగిపోయిందంటే, కామిక్ చదివినవాళ్లు థియేటర్‌కు వస్తే నిరాశపడతారని గేమనూ, డీసీ అధిపతి పాల్ లెవిట్జూ స్వయంగా చెప్పాల్సి వచ్చింది. మొదట్లో కొన్ని ప్రతులు రాసిన మ్యాట్ గ్రీన్‌బర్గ్‌తో కలిసి అసలు కథకు దగ్గరగా మళ్లీ ప్రయత్నించారు. అదీ తెర దాకా రాలేదు.

అక్కడి చిక్కు ఊహించడం కష్టం కాదు. 2001 నవంబరులో హ్యారీ మొదటి సినిమా విడుదలయ్యాక, ఆ కళ్లజోడూ గుడ్లగూబా అదే స్టూడియోకు బంగారు బాతులు. అవే గుర్తులున్న ఇంకో కుర్రాణ్ణి పక్కన నిలబెడితే జనం నవ్వుతారు. గుర్తులు తీసేస్తే, కామిక్ తెలిసిన కొద్దిమందికి వాడు టిమ్ కాడు. దీనికి తోడు కథలో సగంమంది డీసీ ఇతర పుస్తకాలకు చెందినవాళ్లు. కాన్‌స్టంటీన్‌ను అదే స్టూడియో 2005లో కియాను రీవ్స్‌తో లాస్ ఏంజెలెస్‌కు తరలించి వేరే సినిమా తీసేసింది. ఊళ్లు చూపించే మార్గదర్శకులే చేజారిపోతే ప్రయాణం ఏం చేస్తాం? గేమన్ రచనలకు తెర దొరకలేదనుకోవడానికీ లేదు. చార్ల్స్ వెస్‌తో కలిసి చేసిన 'స్టార్‌డస్ట్' 2007లో సినిమా అయింది, 'కొరలైన్' 2009లో సినిమాగా, 'శాండ్‌మ్యాన్' 2022లో నెట్‌ఫ్లిక్స్ సీరియల్‌గా వచ్చాయి. ఆగిపోయినవాడు టిమ్.

వాడు నిజంగా కొత్త రూపం ఎత్తింది కాగితం మీదే. 1994లో డీసీ వారి వర్టిగో ముద్ర కింద నెలనెలా వచ్చే పత్రిక మొదలై, 2000 దాకా 75 సంచికలు నడిచింది. మొదటి 50 జాన్ నే రీబర్ రాశాడు, తరువాతివి పీటర్ గ్రాస్ రాసి, బొమ్మలూ వేశాడు. టిమ్ చూపరి కావడం మాని మనిషి అయింది ఇక్కడే. మోలీ అనే అమ్మాయిని ప్రేమించాడు, తన పుట్టుక వెనక ఫేరీ రాణి టైటానియా ఉందేమోనని తికమకపడ్డాడు, తప్పులు చేశాడు. ఇది పెద్ద పిల్లల కోసం, కొన్నిచోట్ల పెద్దవాళ్ల కోసమే రాసిన సరుకు.

హ్యారీ జ్వరం ముదిరాక ప్రచురణకర్తలకు ఈ సరుకు గుర్తొచ్చింది. హార్పర్‌కాలిన్స్ 2003-04లో కార్లా జబ్లాన్‌స్కీ చేత ఆరు నవలలు రాయించింది. బొమ్మల కథను మాటల్లోకి దించి, పిల్లల అలమరలో హ్యారీ పక్కన సర్దడమే ఆలోచన. ఆ పక్కన నిలబడటమే వాడికి శిక్ష. ఆ అలమర ముందు నిలబడిన పదేళ్ల పిల్లకు 1990 సంగతి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. తనకు ముందు పరిచయమైనవాడే ఆ పిల్లకు మొదటివాడు. ఈ విషయంలో పాఠకులను తప్పుపట్టేవాళ్లతో ఏకీభవించలేం.

ఇదే తంటా ఫ్రాన్స్‌లో ఇంకా భారీగా జరిగింది. పియెర్ క్రిస్టాన్ రాసి, జాన్-క్లోద్ మెజియెర్ బొమ్మలు వేసిన 'వలేరియన్' 1967లో 'పిలోత్' పత్రికలో మొదలైంది. పదేళ్ల తరువాత 'స్టార్ వార్స్' సినిమాల వరస మొదలైంది. ద్రవంలో గడ్డకట్టించిన హీరో, అంతరిక్ష నౌక ఆకారం, గ్రహాంతరవాసులు కిక్కిరిసిన బజార్లు చూసి ఫ్రెంచి పాఠకులు ముక్కున వేలేసుకున్నారు. మెజియెర్ కోర్టుకు పోలేదు, 1983లో ఒక బొమ్మ గీశాడు. ఒక గ్రహాంతర సారాకొట్లో 'స్టార్ వార్స్' పాత్రలు ల్యూక్, లియా కూర్చుని ఉండగా తన కామిక్ జంట వలేరియన్, లోరలీన్ ఎదురవుతారు. మిమ్మల్ని ఇక్కడ చూస్తామనుకోలేదే అని లియా అంటే, మేం చాన్నాళ్లుగా ఇక్కడికే వస్తున్నాం అని లోరలీన్ జవాబు. ఇంతకన్నా హుందాగా ఎవరూ హక్కు చెప్పుకోలేదు.

లూక్ బెసోన్ చిన్నప్పటి నుంచి 'వలేరియన్' అభిమాని. 1997 నాటి 'ద ఫిఫ్త్ ఎలిమెంట్'కు మెజియెర్ చేతనే డిజైన్లు వేయించుకున్నాడు. అసలు కథను తెరకెక్కించింది 2017లో, అంటే కామిక్ పుట్టిన యాభై ఏళ్లకు. ఖర్చు 18 కోట్ల డాలర్ల దాకా, వసూలు 22 కోట్ల పైచిలుకు. థియేటర్ల వాటా, ప్రచారం ఖర్చు పోతే అది నష్టమే. గ్రాఫిక్స్ చేసిన కంపెనీల్లో 'స్టార్ వార్స్' కోసం జార్జ్ లూకాస్ పెట్టిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ కూడా ఒకటి. ప్రేక్షకులకు అన్నీ ఎక్కడో చూసినట్టే అనిపించాయి. బెసోన్ చేసిన అసలు తప్పు ఆలస్యం కాదని నా ఉద్దేశం. ఆ కామిక్‌కు ప్రాణం లోరలీన్. వలేరియన్ ఆజ్ఞలు పాటించే గుమాస్తా అయితే, ఆమె తెలివీ వెటకారమూ ఉన్న మనిషి. 2007 నుంచి ఫ్రెంచి సంపుటాల పేరు 'వలేరియన్, లోరలీన్' అని మార్చారు కూడా. సినిమా పేరులో మళ్లీ ఆమెను తీసేశారు. ఎవరూ కాపీ కొట్టలేకపోయిన భాగాన్ని వదిలేసి, అందరూ కొట్టేసిన భాగాన్ని పట్టుకున్నారు.

గెలిచిన ఉదాహరణ ఒకటి చెప్పాలి. జిల్ మర్ఫీ రాసి, తానే బొమ్మలు వేసిన 'ద వర్స్ట్ విచ్' 1974 నాటిది. మంత్రగత్తెల బడి, కషాయాల పాఠం, హడలెత్తించే టీచరమ్మ, అన్నీ అందులో ఉన్నాయి. దాని మీద 1986లో టీవీ సినిమా, 1998 నుంచి సీరియల్, 2017లో బీబీసీ, నెట్‌ఫ్లిక్స్ కలిసి మళ్లీ సీరియల్ వచ్చాయి. చివరిది హ్యారీ సినిమాలన్నీ ముగిసిన ఆరేళ్లకు. ఎవరూ పెద్దగా గొణగలేదు. మిల్డ్రెడ్ హబుల్‌ది లోకాన్ని రక్షించే యోగం కాదు, చీపురు మీద సరిగ్గా కూర్చోలేని అవస్థ. తీసినవాళ్లు ఆ అవస్థనే పట్టుకున్నారు. కథను దాని కొలతల్లోనే ఉంచారు.

టిమ్ బొమ్మలు వేసిన పీటర్ గ్రాస్ ఇంకో దారి తొక్కాడు. 2009లో మైక్ కేరీతో కలిసి వర్టిగోలోనే 'ద అన్‌రిటెన్' మొదలుపెట్టాడు. అందులో టామీ టేలర్ అనే కళ్లజోడు కుర్ర మాంత్రికుడు ప్రపంచమంతా చదివే నవలల్లో హీరో. ఆ నవలలు రాసినవాడి కొడుకు టామ్ తండ్రి కీర్తి నీడలో ఉక్కిరిబిక్కిరవుతుంటాడు. కళ్లజోడు మాంత్రికుడి బొమ్మను హ్యారీకి ముందూ, హ్యారీకి తరువాతా గీసిన చెయ్యి అది. పోలికను దాచకుండా, ఆ పోలికనే కథావస్తువు చేసుకున్న పుస్తకం 2015 దాకా నడిచింది. ఈ మొత్తం వ్యవహారంలో అందరికన్నా తెలివిగా ప్రవర్తించింది గ్రాసే అనాలి.

టిమ్‌ను 2018లో కాట్ హోవర్డ్ రచనతో, టామ్ ఫౌలర్ బొమ్మలతో డీసీ మళ్లీ బడికి పంపింది. ఆ పత్రిక 2020లో 23 సంచికల దగ్గర ఆగింది. రేపు ఎవరైనా వాణ్ణి తెరకెక్కించదలిస్తే కళ్లజోడు తియ్యాలా, గుడ్లగూబను కాకిని చెయ్యాలా అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. వైట్ కాలం నుంచీ వస్తున్న ఆ సామగ్రిని అలాగే ఉండనిచ్చి, హ్యారీని ఎవరూ అడగని ప్రశ్నను, ఈ శక్తి నీకు అసలు కావాలా అన్నదాన్ని, నడిబొడ్డున పెడితే చాలు. ఈలోగా చదవాలనుకునే తెలుగు పాఠకులు నవలలను పక్కనపెట్టి, నాలుగు భాగాలూ కలిపి వేసిన కామిక్ సంపుటంతోనే మొదలుపెట్టాలి. మొదటి రెండు భాగాల్లో డీసీ పాత్రల పేర్లు గుర్తుపట్టలేకపోయినా కంగారుపడనక్కర్లేదు. వెస్ బొమ్మలున్న మూడో భాగం దగ్గరికి వచ్చేసరికి ఆ పేర్ల అవసరమే ఉండదు.